దుప్పట్లు పంచాం, తర్వాత ఏం చేయాలి? గుణుపూర్ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

"మాది గుణుపూర్ దగ్గర చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. నలభై కుటుంబాలు. అందరం కూలి పనులు, చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. ప్రతి క్రిస్మస్‌కీ బీదలకు దుప్పట్లు పంచుతాం. ఆ తర్వాత ఏడాదంతా ఏమీ ఉండదు. ఇరుగుపొరుగుకి నిజంగా పనికొచ్చే సేవ ఏదైనా మొదలుపెడదామంటే పెద్దలు ఒప్పుకోవట్లేదు. డబ్బు ఎక్కడిది అంటారు, మతం మార్చడానికి చేస్తున్నారని గొడవ వస్తుందేమో అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒక బాబు అడిగాడు.

బాబూ, నేనూ ఒడిశాలో, మీ గుణుపూర్ ఉన్న రాయగడ జిల్లాలోనే పుట్టి పెరిగాను. సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా సంఘంలో సేవా కమిటీ పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అందుకని నాకు తెలిసింది కాస్త వివరంగానే రాస్తాను.

దుప్పట్లు మానేయమని చెప్పను. పుట్టాసింగ్ వైపు కొండల మీద డిసెంబరు చలి ఎలా ఉంటుందో మీకూ తెలుసు. కానీ మన జిల్లాల్లో బీదవాళ్లకు అన్నిటికంటే కరువైనది తోడు వచ్చే మనిషి. ఆఫీసుకి తోడు, బ్యాంకుకి తోడు, ఆసుపత్రికి తోడు. ప్రభుత్వం ఇచ్చేది చాలానే ఉంది. అది ఫలానా చోట ఉందని చెప్పి, చెయ్యి పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్లేవాళ్లే లేరు. ఆ పనికి మీ నలభై కుటుంబాలు చాలు. పెద్ద డబ్బు అక్కర్లేదు.

మీకు ఇంకో బలం కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. అటు కొంత, ఇటు కొంత పోయింది. ఆనాటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లకు కాగితాలన్నీ ఒడియాలో, చుట్టరికాలన్నీ తెలుగులో. రోగం ముదిరితే బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీలు ఉన్నా చాలామంది రైలెక్కి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కే పోతారు. అక్కడికెళ్లాక కొండల్లోని సవర గిరిజనులకి, ఒడియావాళ్లకి నోరు పెగలదు. మీ సంఘంలో ఏ ఇంటి తలుపు తట్టినా తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్లు ఒకరుంటారు. సవర మాట్లాడేవాళ్లు కూడా ఇద్దరో ముగ్గురో ఉండే ఉంటారు. దీని విలువ మన పెద్దలు ఇంకా గుర్తించలేదని నా అభిప్రాయం.

మొదలుపెట్టడానికి నేను చెప్పే చోటు పంచాయతీ ఆఫీసు. నెలనెలా 15వ తారీఖున పెన్షన్ల కోసం అక్కడికి ముసలివాళ్లు, వితంతువులు, వికలాంగులు వస్తారు. ఆ రోజు మీ సంఘం నుంచి ఇద్దరు వెళ్లండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు పెన్నులు, తాగడానికి ఒక క్యాను నీళ్లు ఉంటే చాలు. ముందురోజే సర్పంచినీ, పంచాయతీ అధికారి పీఈఓ గారినీ కలిసి, ఫారాలు నింపి పెడతామని అడిగి పర్మిషన్ తీసుకోండి. బ్యానర్ కట్టొద్దు. పని మొదలైతే చాలు, మీరెవరో గంటలో ఊరంతా తెలుస్తుంది.

అక్కడ కూర్చున్నాక అసలు కష్టాలు బయటపడతాయి. ఒక ఉదాహరణ చెబుతాను. మన వీధుల్లో అప్పలమ్మ అనే పేరు ఎంతమందికి ఉందో తెలుసు కదా. రేషన్ కార్డు రాసిన ఒడియా గుమస్తా ఒత్తులు తీసేసి 'అపలమా' అని రాస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందొస్తుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో మొగుడి ఇంటిపేరు ఉంటుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులన్నమాట. ఆధార్‌తో సరిచూసే ఈకేవైసీ దగ్గర పెన్షన్ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఆవిడకు చెప్పేవాళ్లుండరు. పెన్షన్ పోయిందనుకుని ఇంటికెళ్లి ఏడుస్తుంది. వయసు సంగతి ఇంకా దారుణం. పుట్టినరోజు తెలియని ముసలివాళ్ల ఆధార్‌లో జనవరి 1 అని వేసి, సంవత్సరం ఏదో ఒకటి రాసేశారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ మామూలుగా నెలకు 1000 రూపాయలు. 80 ఏళ్లు దాటినవాళ్లకు 2025 జనవరి నుంచి 3500 చేశారు. అంటే ఎనభై రెండేళ్ల మనిషికి ఆధార్‌లో డెబ్బై నాలుగని ఉంటే నెలకు రెండున్నర వేలు పోతున్నాయి. అది సరిచేయించడానికి ఆధార్ కేంద్రానికి రెండు మూడుసార్లు తిరగాలి. వేలిముద్రలు అరిగిపోతే కంటిపాపతో వేయించాలి. ఆవిడ ఒక్కతీ తిరగలేదు. మీ సంఘంలో ఇంటర్ చదివిన అమ్మాయి తోడుంటే తిరుగుతుంది. పంచాయతీలో కదలకపోతే సోమవారాలు అధికారులు ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్‌లో కాగితం ఇప్పించండి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

సుభద్ర యోజన కూడా అంతే. 2024 సెప్టెంబరులో మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల లోపు అర్హులైన ఆడవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా వస్తుంది. ఆధార్‌కి లింకైన బ్యాంకు ఖాతా లేక ఆగిపోయినవాళ్లు మీ వీధిలోనే దొరుకుతారు. వెతకండి.

ఇక ఆసుపత్రి సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

కేజీహెచ్‌కి రిఫర్ చేసిన రోగితో వచ్చేది సాధారణంగా పెళ్లామో, పద్దెనిమిదేళ్ల కొడుకో. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియదు. స్కాన్ రాస్తే ఏ బిల్డింగులోకి వెళ్లాలో తెలియదు. "రేపు ఖాళీ కడుపుతో రండి" అని సిస్టర్ తెలుగులో చెబుతుంది, వీళ్లు తలూపుతారు, పొద్దున్నే టీ తాగేసి వస్తారు. పరీక్ష మర్నాటికి వాయిదా. ఇంకో రాత్రి వరండాలో పడక. మూడో రోజు చేతిలో డబ్బులైపోయి, డాక్టరుకి చెప్పకుండా ఇంటికి వచ్చేస్తారు. రోగం నయమయ్యేదే, చూపించిందీ మంచి డాక్టరుకే. భాష రాక, దారి తెలియక వైద్యం సగంలో పోతుంది. ఇలా వెనక్కి వచ్చినవాళ్లను నా సర్వీసులో ఎంతమందిని చూశానో లెక్కలేదు.

అందుకని మీ సంఘంలో ముగ్గురినో నలుగురినో ఈ పనికే సిద్ధం చేయండి. మొదటి రెండు రోజులు రోగితో ఉండి, అడ్మిషన్ అయ్యాక తిరిగొస్తే చాలు. విశాఖలో, విజయనగరంలో మన బంధువులు లేని ఇల్లు లేదు. అక్కడి సంఘాల్లో ఒకరిద్దరి ఫోన్ నంబర్లు పెట్టుకుంటే మధ్యలో వెళ్లి పలకరిస్తారు. బయల్దేరే ముందే రోగి పాత చీటీలన్నీ తారీఖు వరుసలో పెట్టి ఒక ప్లాస్టిక్ కవరులో వేయండి. ఏ మందులు వేసుకుంటున్నాడో ఒక కాగితం మీద రాసివ్వండి. ఈ రెండూ చేస్తే డాక్టరుకి సగం పని తగ్గుతుంది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. పథకంలో చేరిన ఆసుపత్రుల్లో పక్క రాష్ట్రంలో కూడా ఆ కార్డు చెల్లుతుంది. అయినా ప్రతి రోగానికీ, ప్రతి చోటా అని అనుకోకుండా, వెళ్లే ముందు ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ కౌంటర్‌లో కనుక్కోవాలి. అంత దూరం పోలేనివాళ్లకు బిస్సంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్ ఉండనే ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్‌సన్ గారు 1954లో మొదలుపెట్టారు. కొండ ఊళ్ల ఆరోగ్యం గురించి వాళ్లకు తెలిసినంత ఎక్కువ మందికి తెలియదు. మీ యువకులను ఒకసారి అక్కడికి తీసుకెళ్లి పని చూపించండి.

టీబీ రోగుల కోసం ప్రభుత్వమే మనకు ఒక తలుపు తెరిచి పెట్టింది. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అని మొదలుపెట్టారు. మనుషులైనా, సంఘాలైనా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఒప్పుకున్న రోగికి మందులు వాడినన్నాళ్లూ తిండి సరుకులు ఇవ్వొచ్చు. పప్పు, నూనె, వేరుశనగలు, వీలైతే గుడ్లు. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. ప్రభుత్వం కూడా పోషణకని నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తోంది, 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. రెండో నెలకల్లా దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, ఇక మందులెందుకని మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడే. సగంలో మానేసిన టీబీ మొండిదై తిరిగొస్తుంది. సరుకుల సంచి పట్టుకుని నెలకోసారి ఇంటికెళ్లే మనిషి ఉంటే "మాత్రలు ఎన్ని మిగిలాయి, చూపించు తల్లీ" అని అడుగుతారు. సంచి కంటే ఆ అడగడం ముఖ్యం. ఆశా దీదీని కలుపుకునే ఈ పని చేయండి. ఆమెకు తెలియకుండా చేస్తే ఆమెకు కోపం వస్తుంది, అది న్యాయమే. రోగి పేరు మాత్రం ఆరాధనలో చదవొద్దు, ప్రార్థన కోసమైనా సరే. టీబీ అని తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు తప్పిపోతాయి.

డబ్బు గురించి. మీ స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉందా? వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు విడిగా డబ్బాలో వేయడం. రోజుకు పిడికెడంటే నెలకు కిలో, కిలోన్నర. నలభై ఇళ్లంటే నలభై నుంచి అరవై కిలోలు. ఆ బియ్యమే పంచితే లాభం తక్కువ, ఎందుకంటే రేషన్ బియ్యం మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు ఉచితంగానే వస్తున్నాయి. బీదవాళ్ల ఇంట్లో లేనిది పప్పు, నూనె, బస్సు చార్జీ. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బియ్యం వేలంపాట పెట్టండి. సంఘస్థులే పాడుకుంటారు, ధరకు పైన పది వేసి మరీ పాడతారు. ఆ డబ్బు సేవా ఖాతాలో వేయండి. కోత పండుగలో వచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, పసుపు కూడా ఇలాగే చేయొచ్చు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు డబ్బు పంపుతామంటే జాగ్రత్త. వాళ్లు ఇంకా భారత పౌరులై ఉండి, సొంత సంపాదన మామూలు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, మీ మేనమామ కొడుకైనా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా సంఘం ఆ డబ్బు తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ నుంచి మళ్లించుకుందామన్నా 2020 సవరణ తర్వాత కుదరదు. చిన్న సంఘానికి ఈ తలనొప్పి వద్దు. పిడికెడు బియ్యంతోనే నడపండి.

మీ పెద్దల భయం గురించి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్ని ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. ఒడిశాలో 1967 నుంచే మత స్వేచ్ఛా చట్టం ఉంది. బలవంతంతో, మోసంతో, ప్రలోభంతో మతం మార్చడం నేరం. పప్పు సంచి ఇచ్చి ఆదివారం రమ్మంటే దాన్ని ప్రలోభం అనడానికి ఎవరికైనా దారి దొరుకుతుంది. చట్టాన్ని పక్కనపెట్టి చూసినా అది తప్పే. ఆకలితో ఉన్నవాడి ముందు పళ్లెం పెట్టి షరతు చెప్పడం మన ప్రభువు చేసిన పని కాదు.

కాబట్టి కొన్ని కట్టుబాట్లు ముందే రాసుకోండి. సాయం చేసేటప్పుడు కరపత్రాలు ఇవ్వొద్దు. వాళ్లు అడిగితే తప్ప ప్రార్థన చేయొద్దు. మీకు ప్రార్థించాలని ఉంటే ఇంటికొచ్చి చేసుకోండి, దేవుడు వింటాడు. ఫోటోలు అసలే వద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మనకు చెప్పారు కదా, ఫేస్‌బుక్‌కి తెలియడం ఎందుకు? ఇంకో ముఖ్యమైన సంగతి, సాయం అందుకున్నవాళ్ల పేర్లు సంఘం రిజిస్టర్లో ఎక్కించకండి, సేవా పుస్తకం వేరే పెట్టండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మీ పుస్తకంలో పేరుందని రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మీ దగ్గర పప్పు తీసుకున్న పాపానికి ఆ ఇంటి పిల్లవాడి స్కాలర్‌షిప్ చిక్కుల్లో పడొచ్చు. ఆ కుటుంబానికి మనం చేసిన మేలేంటి ఇక?

ఎవరికి చేస్తున్నామనేది కూడా చూసుకోవాలి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీ పెద్దలతో కలిసి మళ్లీ చదవండి. యెరూషలేములో రోజూ ఆహారం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాళ్లను చిన్నచూపు చూశారని సణుగుడు వచ్చింది. అది వినగానే అపొస్తలులు ఏడుగురిని ఎంపిక చేయించి ఆ పని వాళ్లకు అప్పగించారు. మన తెలుగు సంఘాల్లోనూ సాయం మనవాళ్ల వీధిలోనే తిరుగుతుంటుంది. సవర గూడెం దాకా పోదు, ఒడియావాళ్ల గడప ఎక్కదు. కమిటీలో సవర మనిషి ఒకరు, ఒడియా మనిషి ఒకరు ఉండేలా చూడండి. సంఘస్థులు కాకపోయినా ఫర్వాలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయనకు ఏ సంఘమూ చెప్పలేదు, ఏ కమిటీ లేదు. అదే గడ్డ మీద ఉన్నవాళ్లం మనం. మీ యువకుల్లో ఇద్దరైనా సవర మాట్లాడటం నేర్చుకుంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

చావు ఇళ్ల సంగతి చాలామంది రాయరు, అందుకే రాస్తున్నాను. 2016లో పక్కనే కలహండిలో ఒక మనిషి భార్య శవాన్ని భుజాన వేసుకుని, పన్నెండేళ్ల కూతురు పక్కన ఏడుస్తుండగా కిలోమీటర్ల కొద్దీ నడిచాడు. దేశమంతా చూసింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల నుంచి శవాన్ని ఇంటికి చేర్చే ఉచిత వాహనాలు ఉన్నాయి. కానీ విశాఖలో చనిపోతే రాష్ట్రం దాటించి తీసుకురావడానికి ప్రైవేటు అంబులెన్సు అడిగే డబ్బు బీదవాడు ఏడాదైనా తీర్చలేని అప్పు. సేవా ఖాతాలో కొంత మొత్తం ఇందుకోసమే ముట్టుకోకుండా ఉంచండి. ఊళ్లో ఎవరు పోయినా, ఏ కులమైనా, ఏ మతమైనా, సంఘం కుర్చీలు, టార్పాలిన్లు ఆ గుమ్మం ముందుకు వెళ్లాలి. పొయ్యి వెలగని ఇంటికి అన్నం వండి పంపడం మన అలవాటు. కొన్ని ఇళ్లవాళ్లు మన చేతి వంట తినరు. దానికి బాధపడొద్దు. కట్టెలు మోయండి, నీళ్లు తెచ్చిపెట్టండి. అవి ఎవరూ వద్దనరు. దహన ఖర్చులకు బీదవాళ్లకు హరిశ్చంద్ర సహాయతా యోజన కింద పంచాయతీ నుంచి డబ్బు వస్తుంది, అది ఇప్పించండి.

తుఫానులు మనకు అక్టోబరు చుట్టాలు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే, గజపతి జిల్లా బరఘరలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కాబట్టి సెప్టెంబరులోనే చర్చి కప్పు, తలుపులు, బోరు చూసుకోండి. నాలుగు పెద్ద గిన్నెలు, టార్పాలిన్లు, క్లోరిన్ మాత్రలు సిద్ధం పెట్టుకోండి. ఆడవాళ్లకు చాటుగా ఉండే చోటు ముందే అనుకోండి. నష్టపరిహారం లిస్టు రాసేటప్పుడు ఆధార్, పాస్‌బుక్, పట్టా తడిసిపోయినవాళ్లే వెనకబడతారు. గూడెంలో ఇంటికో జిప్ కవరు ఇచ్చి కాగితాలు అందులో పెట్టించండి. ఖర్చు ఇంటికి ఇరవై రూపాయలు కూడా కాదు.

ఒక్కటి మాత్రం మొదలుపెట్టొద్దు, పిల్లల హాస్టల్. తల్లిదండ్రులు వలస పోయిన పిల్లల్ని చర్చిలో పెట్టుకుని చూసుకుందాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ప్రేమతోనే వస్తుంది. కానీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి పిల్లల సంరక్షణ గృహం నడపకూడదు. పైగా పిల్లల భద్రత చిన్న సంఘం మోయగల బరువు కాదు. సాయంత్రం రెండు గంటలు లెక్కలు, ఒడియా చదివించి ఇంటికి పంపండి. అప్పుడు కూడా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపులు తీసి ఉండాలి. ఆపదలో ఉన్న పిల్ల కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

పెద్దల్ని ఒప్పించడానికి ఇవన్నీ ఒక్కసారే చెప్పకండి, బెదిరిపోతారు. వచ్చే 15న పంచాయతీ ఆఫీసు దగ్గర ఒక పూట కూర్చోవడానికి పర్మిషన్ అడగండి, అంతే. మిమ్మల్ని వద్దన్న పెద్దల్లో ఒకాయన్ని బతిమాలి వెంట తీసుకెళ్లండి. ఆయనకు ఒడియా రాయడం వస్తే పెన్ను ఆయన చేతికే ఇవ్వండి. మొదటి రోజు ఎన్ని ఫారాలు వచ్చాయో, ఎందులో ఏ చిక్కు ఉందో పుస్తకంలో రాసుకుని రండి. ఆ చిక్కులు నాకు రాయండి, ఒక్కొక్కటి ఏ ఆఫీసులో తేలుతుందో చెబుతాను.